ముఖ్య అతిథి దారిలో ఉన్నారు

పొద్దున్నే వస్తానన్న చుండూరి పరబ్రహ్మం గారు సాయంత్రం టీల వేళకు వచ్చారు. ఆయన రాకముందు డ్రైవరు బాజీ మాటిమాటికీ వచ్చి లేబ్ తలుపు సందులోంచి తొంగిచూసి పోయాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"లోపల అందరూ వచ్చారామ్మా?"

"పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నామండీ," అని సువర్చల కూడా విసుగు దాచుకుని ఒకటే జవాబు చెప్పింది. లోపలున్నది ఇద్దరే, ఆమె, ప్రొఫెసర్ ఇమ్మానుయేలు గారు. మూడోవాడెవడో రావాలన్నట్టు అడుగుతాడేమిటి ఈ మనిషి అనుకుంది.

చివరికి వచ్చారు పరబ్రహ్మం గారు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, భుజాన కండువా, మొహం నిండా నవ్వు. పెదగార్లపూడి మండలానికి ఒకప్పుడు ఉపాధ్యక్షుడు, మార్కెట్ యార్డుకి మాజీ ఛైర్మను, అడిగిన ప్రతిసారీ ఎమ్మెల్యే టిక్కెట్టు దక్కని మనిషి. ఆలస్యానికి ఒక్క మాటయినా అనకుండా కుర్చీలో కూర్చుని, టీ తాగి, అప్పుడు నోరు విప్పారు.

"నన్ను మీ ఎరుకలో పెట్టాలమ్మా."

ఎరుక అంటే ఇంటర్నెట్లో ఉండే తెలుగు విజ్ఞాన సర్వస్వం. జీతంబత్తెం లేకుండా తెలుగు మీద మమకారంతో పనిచేసే వాళ్ళు నడుపుతారు. ఎవరికి పేజీ ఉండాలి, ఎవరికి అక్కర్లేదు అనే తగువులు తీర్చే పెద్దమనిషి పని సువర్చలది. పెద్ద నాయకులతో పేచీ లేదు. చావంతా చిన్న నాయకులతోనే. పత్రికల్లో వచ్చిన వార్తలు చూపించాలి అని ఒకప్పుడు నియమం ఉండేది. పుట్టినరోజు ప్రకటనలు వేయించుకుని, వాటినే సాక్ష్యంగా పట్టుకొచ్చేవారు మహానుభావులు. తొలగిస్తే ఒక వర్గం తిట్టేది, ఉంచితే రెండో వర్గం తిట్టేది. తిట్లు తినడానికి మాత్రం సువర్చల ఒక్కతే.

ఆ తలనొప్పికి మందుగా ఇమ్మానుయేలు గారు ఒక యంత్రం చేశారు. దానికో గ్రీకు పేరు పెట్టారు గానీ ఎవరి నోరూ తిరగలేదు. అందరూ 'లేకుంటే' అనే పిలుస్తారు. జిల్లాలో దొరికిన పాత ఫోటోలు, దినపత్రికలు, బళ్ళ రికార్డులు, రైళ్ళ రాకపోకలు, ముసలివాళ్ళు చెప్పిన కబుర్లు అన్నీ దానికి మేపారు. అది జిల్లా గతాన్నంతటినీ తనలో కట్టుకుంది. అందులోంచి ఒక్క మనిషిని తీసేయమంటే తీసేస్తుంది, ఆ మనిషి లేకుండా జిల్లా ఎలా నడిచేదో తెర మీద బొమ్మకట్టి చూపిస్తుంది. ఉన్న లోకానికీ లేని లోకానికీ ఎంత తేడా వస్తే ముల్లు అంత కదులుతుంది. ఎర్రగీత దాటితే పేజీ, దాటకపోతే నమస్కారం. నిజానికి ముల్లు అవసరం లేదు, తెర మీద అంకె చాలు. కానీ అంకె చూపిస్తే నాయకులు నమ్మరనీ, ముల్లు చూపిస్తే నోరెత్తరనీ ఇమ్మానుయేలు గారి అనుభవం.

"ఇప్పుడెందుకండీ పేజీ?" అని అడిగింది సువర్చల.

పరబ్రహ్మం గారి నవ్వు కాస్త తగ్గింది. "మొన్న మా పార్టీవాళ్ళే సన్మానం పెట్టారమ్మా. పరిచయం చేసే కుర్రాడు ఫోన్లో నా పేరు కొట్టి చూశాడు. ఏమీ రాలా. మైకులోనే అడిగాడు, సార్, మీరేం చేశారు అని. ఇన్నేళ్ళు తిరిగినోణ్ణి, చప్పున ఒక్కటన్నా గుర్తు రావాలి గదా. రాలా. నేను పోయాక ఎట్టాగూ ఎవరూ అడగరు. ఉండగానే తెలుసుకుందామని."

ఆ మాటకు సువర్చల మనసు చివుక్కుమంది. పేజీ కోసం బెదిరించినవాళ్ళున్నారు, బతిమాలినవాళ్ళున్నారు. నేనేం చేశానో చెప్పండి అని వచ్చినవాడు ఈయనొక్కడే.

*

"పరబ్రహ్మమా?" అన్నాడు దైవాధీనం మాస్టారు, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి.

సువర్చల తండ్రి ఆయన. పెదగార్లపూడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయినా ఒంట్లో గంట కొడుతూనే ఉంటుంది. పెళ్ళికి పిలిస్తే షామియానా వేసేవాళ్ళకంటే ముందు వెళ్ళి నిలబడతాడు.

"ఆ మనిషికా పేజీ? నా జీవితంలో సగం ఆయన కోసం ఎదురుచూడ్డంతోనే పోయింది. స్కూలు వార్షికోత్సవానికి పిలిస్తే పిల్లలు ఎండకి సొమ్మసిల్లేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వుకుంటా వచ్చేవాడు. రాయి, ఆలస్య చక్రవర్తి అని రాయి."

"పెద్దాయన్ని పట్టుకుని ఏవిటా మాటలు," అంది నాంచారమ్మ, మజ్జిగ పోస్తూ.

"నీకేం తెలుసు, మైకు ముందు నిలబడి అబద్ధాలు చెప్పింది నేను."

నాంచారమ్మ నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు. ఇంట్లో ఆవిడ నవ్వుకి కారణం అడిగే అలవాటు ఎవరికీ లేదు గనక సువర్చలా పట్టించుకోలేదు.

*

మర్నాడు యంత్రంలోంచి పరబ్రహ్మం గారిని తీసేశారు.

ముందు ఆయన చేసిన పనులు చూశారు. మురుగుకాలవ మీద వంతెన ఆయన లేకపోయినా వచ్చింది, ఇంకొకాయన కట్టించాడు. బస్ షెల్టరు అదే చోట వచ్చింది, కాకపోతే రంగు వేరు. ఆడపిల్లల బడికి ప్రహరీగోడ ఆయన కట్టించిన దానికంటే కాస్త ముందే లేచింది. యార్డులో రేకుల షెడ్డూ అంతే. చేసిన పనులన్నిటికీ కలిపి ముల్లు ఉలకలేదు, పలకలేదు.

సువర్చలకు జాలేసింది. పాపం, ఈ సంగతి ఆయనకెలా చెప్పడం?

"ఇక మొత్తం మనిషిని చూద్దాం, లాంఛనం కదా," అని ఇమ్మానుయేలు గారు మీట నొక్కారు.

ముల్లు లేచింది. గీత దాటింది. దాటి, ఇంకా పోయి, అంచుకు టక్కున కొట్టుకుని అక్కడే వణుకుతూ నిలబడింది. ముఖ్యమంత్రుల్ని తీసినప్పుడు కూడా అది అంత దూరం పోలేదు. ఇమ్మానుయేలు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు, యంత్రాన్ని వేలితో తట్టారు, ఆపి మళ్ళీ వేశారు. మళ్ళీ టక్కు.

"చెడిందంటారా సార్?"

"చెడితే వెనక్కి పోవాలమ్మా. ఇది మరీ ఉత్సాహంగా ఉంది. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూడు."

సువర్చల చూడటం మొదలుపెట్టింది. రెండు లోకాలూ ఎక్కడ విడిపోతున్నాయో వెతుక్కుంటూ పోయింది. ప్రతి చీలికా ఒక షామియానా కిందే కనిపించింది. ఫలానా పాలకేంద్రం ప్రారంభం. ఫలానా వాలీబాల్ పోటీల ముగింపు. ఫలానా పంతులుగారి వీడ్కోలు సభ. అన్నిట్లోనూ ముఖ్య అతిథి పరబ్రహ్మం గారే. ఆయన లేని లోకంలో ఆ చిన్న సభలకు అతిథి దొరకలేదు. హెడ్మాస్టరో పోస్టుమాస్టరో రిబ్బను కత్తిరించేశాడు, సభ వేళకు మొదలైంది, వేళకు ముగిసింది, జనం ఎవరి దారిన వాళ్ళు ఇంటికి పోయారు.

ఉన్న లోకంలో ఆయన రాలేదు. జనం ఎదురుచూశారు. ఎదురుచూస్తూ ఏం చేస్తారు? పక్కవాణ్ణి పలకరిస్తారు. పాలకేంద్రం దగ్గర, పొలం గట్టు తగువుతో మాటలు మానేసిన అన్నదమ్ములకు ఒకే బెంచీ దొరికింది. ఎంతసేపని మొహాలు తిప్పుకుంటారు, మెడలు నొప్పెట్టి మాట్లాడుకున్నారు. వీడ్కోలు సభలో ఏమీ తోచక నలుగురు కూర్చుని ఊళ్ళో ఓ లైబ్రరీ ఉంటే బాగుండుననుకున్నారు, ఆయన వచ్చేసరికి కమిటీ కూడా వేసేసుకున్నారు. ఆ లైబ్రరీలో చదువుకున్న అమ్మాయి ఇవాళ మందులు కనిపెడుతోంది. ఇక పెళ్ళిసంబంధాలకైతే లెక్కేలేదు. ఈ పక్క వరసలో ఒక పిల్ల, ఆ పక్క వరసలో ఒక పిల్లాడు, మధ్యలో రాని ముఖ్య అతిథి.

అన్నీ మంచే జరిగాయని కాదు. ఎదురుచూసి బస్సు తప్పిపోయినవాళ్ళున్నారు, ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఒకడున్నాడు. ముల్లుకి మంచీ చెడూ తెలియదు, తేడా మాత్రమే తెలుసు.

ఇమ్మానుయేలు గారు తెర మీద ఏదో చూసి, గబగబా ఇంటికి ఫోన్ చేశారు. ఆయన అత్తవారిది పెదగార్లపూడే.

"ఏం లేదు, ఊరికే చేశాను. ఉన్నావా?" అన్నారు.

"ఎక్కడికి పోతాను, కూర మాడిపోతోంది," అని అవతల పెట్టేశారావిడ.

"మా ఆవిడ ఇందులో లేదమ్మా," అన్నారాయన తెర చూపిస్తూ, నుదురు తుడుచుకుని. "మా మామగారు పాలకేంద్రం దగ్గర ఎదురుచూశాడట."

అప్పుడు సువర్చలకు నాన్న అన్న మాట గుర్తొచ్చింది. స్కూలు వార్షికోత్సవం. వెతికింది. దొరికింది. ఆ ఏడు పరబ్రహ్మం గారు బహుమతులివ్వడానికి రావాలి. పక్క ఊరి నుంచి ఆడపిల్లల కబడ్డీ జట్టు వచ్చింది. జట్టు కెప్టెన్ నాంచారమ్మ.

లేని లోకంలో సభ వేళకు ముగిసింది. నాంచారమ్మ సాయంత్రం రైలందుకుని రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్ళింది. ఆ తర్వాత సంగతులు సువర్చల నిలబడే చదివింది. రాష్ట్ర జట్టు, దేశం జట్టు, పతకాలు. ఆ లోకంలోనూ ఒక ఎరుక ఉంది. అందులో అమ్మకి పేజీ ఉంది, ఏ తగువూ లేని నిండు పేజీ. నాన్న ఒంటిగాడు. సువర్చల అనే మనిషి ఎక్కడా లేదు.

తను లేకపోవడం ఆమెను అంతగా బాధించలేదు. లేనివాళ్ళకు బాధేముంటుంది? అమ్మ పేజీనే మళ్ళీ పైనుంచి చదివింది. జీవితమంతా మజ్జిగ పోస్తూ నవ్విన మనిషి ఇంత మనిషా? ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దమనిషి అమ్మ పేజీని తినేశాడు, ఇప్పుడు తను కూర్చుని ఆయనకి పేజీ రాయాలి. కోపమొచ్చింది. ఆ కోపంతోనే, అమ్మకు చెప్పకుండా ఈ పేజీ తేల్చకూడదని నిర్ణయించుకుంది.

*

నాంచారమ్మ లేబ్‌లో చలికి కొంగు కప్పుకుని, తెర ముందు కూర్చుంది. కూతురు చెప్పిందంతా విని, "ఆ ఆట చూపిస్తుందా నీ యంత్రం?" అంది.

చూపించింది. పల్చగా, పాత టీవీలో వచ్చినట్టు బొమ్మ వచ్చింది. దేశం జట్టు చొక్కా తొడుక్కున్న పాతికేళ్ళ నాంచారమ్మ గీత దాటి కూతకు వెళ్ళింది. ముగ్గురు మీదపడ్డారు. వాళ్ళను ఈడ్చుకుంటూ బోర్లాపడి మధ్యగీత అందుకోబోయేంతలో కూత ఆగిపోయింది.

"అయ్యో, దానికి దమ్ము తక్కువే," అంది నాంచారమ్మ. "నాకైతే ఇంకా ఉండేది. ఆ ఎడంకాలు అక్కడ పెడితే పట్టుకోరూ మరి."

మళ్ళీ చూసింది. ఇంకో ఆట చూసింది, ఈసారి తెర మీది పిల్ల గెలిచింది. నాంచారమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది. కొడుతూ కొడుతూ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఆయన వేళకి వచ్చుంటే నువ్వు ఇట్టా ఉండేదానివి."

"ఆయన్నెందుకే అంటావు? చీకటి పడుతోంది, ప్రైజు తర్వాత పంపిస్తాం వెళ్ళండి అని హెడ్మాస్టరు చెప్పాడు. మా పిల్లలంతా లేచి స్టేషనుకు పోయారు. నేనే కూచున్నా."

"ఎందుకూ?"

"మీ నాన్న మాటిమాటికీ మైకు ముందుకొచ్చి, ముఖ్య అతిథి దారిలో ఉన్నారు అని చెప్పేవాడు. ఎక్కడున్నాడో ఆయనకేం తెలుసు. అబద్ధం చెప్పడం చాతగాక చెప్పినప్పుడల్లా చెవులు ఎర్రబడేవి. ఈసారి ఇంకెంత ఎర్రబడతాయో చూసి పోదామని కూచున్నా. రైలు కూత వినపడింది కూడా. విన్నా." ఆవిడ తెర వైపు తిరిగింది. "నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది, రాదని చెప్పను. ఆ రైలు నేను పోనిచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఆ పెద్దాయన నెత్తిన పెట్టమాక. నాది నాకుండనీ."

కొంగు సర్దుకుని, "ఆ లోకంలో మీ నాన్న ఎట్టా ఉన్నాడో చూపించు," అంది.

చూపించింది. రిటైరయిన దైవాధీనం మాస్టారు ఒంటరిగా స్టేషన్లో నిలబడి, వచ్చే రైలుతో గడియారం సరిచూసుకుంటున్నాడు. చొక్కాకి గుండీ ఊడిపోయి ఉంది.

"ఇహ ఆపెయ్యి," అంది నాంచారమ్మ. "ఇంటికి పోదాం పద, ఆయనకి ఆకలేస్తుంటుంది."

*

ఎరుకలో ఒక నియమం ఉంది. తన బతుకుతో ముడిపడ్డ మనిషి పేజీని ఎవరూ తేల్చకూడదు. సువర్చల తప్పుకుంటానంది. ఇమ్మానుయేలు గారు తానూ తప్పుకుంటానన్నారు. తీరా చూస్తే పెదగార్లపూడి గాలి తగలని సంపాదకుడు జిల్లాలో ఒక్కడూ మిగల్లేదు. చివరికి అందరం ఆయన బాధితులమే అని పేజీలోనే రాసేద్దామని ఒప్పుకున్నారు.

కానీ అసలు చిక్కు అది కాదు. పేజీ రాస్తే నిజం రాయాలి. నిజమేమిటంటే ఆయన చేసిన పనులకు ముల్లు కదల్లేదు, చెయ్యని పనికి కదిలింది. ఇది ఆయన మొహం మీద చెప్పాలి. నేనేం చేశానని అడిగిన ముసలాయనకి, ఆలస్యంగా వచ్చారండీ అని చెప్పాలి.

సువర్చలే చెప్పింది. వంతెన సంగతి, షెల్టరు సంగతి, గోడ సంగతి. ఆయన నవ్వు ఒక్కొక్క మాటకీ వాడిపోతూ వచ్చింది. తర్వాత బెంచీ సంగతి, లైబ్రరీ సంగతి, తన పుట్టుక సంగతి చెప్పింది. అంతా విని ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎందుకు ఆలస్యమయ్యేదో మీ యంత్రం చెప్పిందా అమ్మా?"

"లేదండీ. అది మనసులోకి పోదు."

"రాజకీయాల్లోకి వచ్చిన కొత్తలో ఒక సభకు వేళకే వెళ్ళా. కుర్చీలన్నీ ఖాళీ. నేనూ, మైకుసెట్టు అతనూ. ఒక్కరూ రాలా. నా కోసం ఎవరొస్తారు చెప్పు, నేనేమన్నా మంత్రినా? అతను మాత్రం హలో హలో అని టెస్టింగు చేస్తానే ఉన్నాడు. ఆ పూట సిగ్గు చచ్చినా మర్చిపోలేను. అప్పట్నించీ ఊరి బయట టీ కొట్టులో కూచునేవాణ్ణి. బాజీని పంపేవాణ్ణి, జనం వచ్చారేమో చూసి రమ్మని. నిండిందంటేనే కదిలేవాణ్ణి. మొన్న ఇక్కడికీ అంతే."

సువర్చలకు బాజీ తొంగిచూపులు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ షామియానా కింద ఊరంతా కబుర్లాడుకుంటుంటే, ఊరి బయట ఈయన ఒక్కడూ భయంభయంగా టీ తాగుతూ కూర్చున్నాడన్నమాట. ఆమెకు మిగిలిన కోపం కాస్తా పోయింది.

"మీరు వద్దంటే పేజీ రాయమండీ. ఎవరికీ తెలియదు."

ఆయన ఒళ్ళోని కండువాను మడతపెట్టారు. "ఆ అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారా?"

"ఒకే ఇంట్లో ఉంటున్నారండీ."

"అయితే రాసెయ్యమ్మా. అంతా రాసెయ్," అన్నారు పరబ్రహ్మం గారు.

*

పేజీ విడుదలకి పెదగార్లపూడి లైబ్రరీ ముందు షామియానా వేశారు. ముఖ్య అతిథి పరబ్రహ్మం గారే. ఎప్పటిలాగే దైవాధీనం మాస్టారు అందరికంటే ముందు వెళ్ళాడు. వెళ్ళి చూస్తే, ఖాళీ కుర్చీల మధ్య, చిట్టచివరి వరసలో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. కండువా లేదు. మాస్టారు గడియారం చూసుకున్నాడు, మళ్ళీ ఆ మనిషిని చూశాడు.

"మీరేనా?" అన్నాడు.

"నేనే మాస్టారూ. భయంగానే ఉంది. ఎవరూ రారేమో."

మాస్టారి దగ్గర ఏళ్ళ తరబడి దాచుకున్న తిట్లు ఉన్నాయి. నోటిదాకా వచ్చాయి కూడా. "నేనొచ్చాగా," అని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

జనం రావడం మొదలైంది. నాంచారమ్మ వచ్చింది. ఇమ్మానుయేలు గారు భార్య చెయ్యి వదలకుండా వచ్చారు. కండువా లేని పరబ్రహ్మం గారిని వెనక వరసలో ఎవరూ గుర్తుపట్టలేదు. పక్కావిడ ఆయన చేతిలో మనవణ్ణి పెట్టి నీళ్ళకు వెళ్ళింది. ముందున్నాయన వెనక్కి తిరిగి మిరప ధర అడిగాడు. పరబ్రహ్మం గారు పిల్లాణ్ణి ఆడిస్తూ, మిరప మీద మాట్లాడుతూ, తెగ నవ్వుతున్నారు. వేదిక మీద ఉండే నవ్వు కాదది.

అనుకున్న వేళ అయింది. ఇమ్మానుయేలు గారు మైకు వైపు సైగ చేశారు. సువర్చల లేచి వెళ్ళింది. ఆమెను చూసి వెనక వరసలో పరబ్రహ్మం గారు, పిల్లాణ్ణి ఎవరికివ్వాలా అని చూస్తూ, కుర్చీలోంచి సగం లేచారు.

సువర్చల ఆయన్ని చూసింది. మైకు సరిచేసుకుంది.

"అందరూ దయచేసి కూర్చోండి," అంది. "ముఖ్య అతిథి దారిలో ఉన్నారు."

ఆమె చెవులు ఎర్రబడి భగ్గుమన్నాయి. నాంచారమ్మ మాస్టార్ని మోచేత్తో పొడిచి, "అచ్చం నువ్వే," అంది. షామియానా కింద అలవాటైన నిట్టూర్పు ఒకటి లేచింది. కుర్చీలు పక్కకు తిరిగాయి, కబుర్లు మొదలయ్యాయి.

పరబ్రహ్మం గారు కొంచెంసేపు అలాగే సగం లేచి నిలబడ్డారు. తర్వాత మెల్లగా కూర్చుని, పిల్లాణ్ణి ఒళ్ళో సర్దుకుని, ఖాళీ కుర్చీకి అవతలున్న కొత్తమనిషి వైపు తిరిగారు.

"మీదే ఊరు బాబూ?" అని అడిగారు.